అద్దం మీద అంకె

వాన కురిసింది పట్టుమని పన్నెండు నిమిషాలే. ఆ పన్నెండు నిమిషాల తడి ఆరడానికి గంట పడుతుందని వెండెల్ క్రౌచ్‌కు ఇరవయ్యేడేళ్ళుగా తెలుసు. అందుకే వరసలో నిలిపిన బండి దిగకుండా, పక్క అద్దం నాలుగు వేళ్ళు కిందికి దించి, మోకాలితో తాళాల గుత్తిని అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాడు. స్టీరింగ్ కింద వేలాడే ఆ గుత్తిలో బండి తాళం ఒకటి, కొట్టువి ఐదు, ముందు తలుపు, వెనక తలుపు, గోదాము, సామాను లిఫ్టు, గల్లాపెట్టె. గతుకు వచ్చినప్పుడల్లా అవి మోకాలి చిప్పకు తగులుతాయి, తగిలి తగిలి అక్కడ ప్యాంటు గుడ్డ పల్చబడింది, భార్య నాడీన్ రెండుసార్లు అతుకు వేసింది కూడా. ఎదురుగా పందెం ట్రాక్ మీద ఆరబెట్టే బండి వేడిగాలి వదులుతూ నత్తలా పాకుతోంది, దాని వెనక తారు మీంచి ఆవిరి లేచి పక్కనున్న మొక్కజొన్న చేలలోకి పోతోంది, పొయ్యి మీదున్న పెనాన్ని తడిబట్టతో తుడిస్తే వచ్చే చప్పుడు, ఆ చప్పుడు వింటే అతనికి ఎప్పుడూ ఆకలే. పొద్దున నూట పన్నెండు బళ్ళతో మొదలైన పందెం ఇద్దరిద్దరు పోటీపడగా ఓడినవాళ్ళు పోగా పోగా ఇప్పుడు రెండు బళ్ళకు వచ్చి ఆగింది. ఎడమ వరసలో అతని గోధుమరంగు స్టేషన్ వ్యాగన్, శనివారం దాకా వాషింగ్ మెషీన్లు మోసి ఆదివారం పందెం ఆడే బండి. కుడి వరసలో ఎర్ర పికప్పు ట్రక్కు. అందులో కూర్చున్నది మార్లా, అతని కూతురు.

ముందు అద్దం మీద రాసుకున్న అంకెను వాన కడిగేసింది. ఇప్పుడు కొత్తది రాయాలి. బూట్లకు పూసే తెల్లరంగు సీసా, మూతికి స్పాంజి ఉన్నది, ఒళ్ళో పెట్టుకున్నాడు కానీ మూత తీయలేదు. ఈ పందెంలో అందరికంటే జోరుగా పోవడం గొప్ప కాదు, అలా అయితే డబ్బున్నవాడిదే గెలుపు, వెండెల్ మొదటి ఆదివారమే ఇంటికి పోయేవాడు. ఇక్కడి గొప్ప నీ సరుకు నీకు తెలియడం. పావు మైలు పోవడానికి నీ బండికి ఎన్ని సెకన్లు పడుతుందో నువ్వే ముందుగా అద్దం మీద రాయాలి. నెమ్మది బండిని ఆ రెండు అంకెల తేడా మేరకు ముందు వదులుతారు, జోరు బండి వెనక నుంచి తరుముకొస్తుంది, ఎవరు ముందు గీత దాటితే వాళ్ళు గెలిచినట్టు. కానీ రాసిన అంకె కంటే జోరుగా పోయావా, వెంట్రుకవాసి అయినా సరే, ఓడినట్టే. ఆ రూలు మొదటిసారి విన్నప్పుడు వెండెల్‌కు ఒళ్ళు జలదరించింది, నిన్ను నువ్వు తక్కువ చేసి చెప్పుకుంటే శిక్ష పడే చోటు ఇదొక్కటే కదా అని. ఆ తర్వాత ఆ రూలులో సందు ఎక్కడుందో వెతకడానికి అతనికి మూడు ఆదివారాలు పట్టింది. బండి పదిహేను సెకన్ల మీద నూరో వంతులు నలభైలో పోతుందనుకో, యాభై అని రాయి, సెకనులో పదో వంతు, అంటే ఆ పది, దాచుకో. చివరి వంద గజాల్లో పక్క అద్దంలో వెనకవాణ్ణి చూసుకుంటూ బ్రేకు మీద పాదం ఆనించి, రాసిన అంకె దాటకుండా, వాడికంటే ఒక్క బంపరు ముందుండి గీత దాటు. నేరం కాదు, చాలామంది చేస్తారు, కానీ వెండెల్ అంత నున్నగా ఎవరూ చేయలేరు. ఈ ట్రాక్ మీద దానికి వెండెల్ జేబు అని పేరు. జేబులో ఎప్పుడూ పది ఉంటుంది.

మొదటిసారి ఇక్కడికి వచ్చింది పందేనికి కాదు. ట్రాక్ వంటగదికి నాలుగు పొయ్యిల స్టవ్ దించడానికి వచ్చాడు, అప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళు ఇంకా కొత్తవి. స్టవ్ బిగించి బయటికి వస్తే ట్రాక్ మనిషి, ఊరికే ఒకసారి పోయి రావయ్యా, తుక్కుబండి ఎంతలో పోతుందో చూద్దాం అన్నాడు. అప్పటి బండి వేరు, వెనక మోకులు, తోపుడుబండి, కంబళ్ళు అన్నీ దడదడలాడుతూనే పోయాడు. తిరిగొస్తుంటే గుడిసెలాంటి గదిలోంచి ఒకావిడ చెయ్యి చాపి కాగితం ముక్క ఇచ్చింది. పద్దెనిమిది సెకన్లు, చుక్క, ఆ తర్వాత మూడంకెలు. ఆ కాగితాన్ని అతను అన్నం బల్ల దగ్గర కూడా పక్కన పెట్టుకుని చూశాడని నాడీన్ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఎందుకు చూడడు, పుట్టి బుద్ధెరిగాక చేతికి వచ్చిన ఏ కాగితమూ అంత నిజం చెప్పలేదు. అతని కొట్టులో ఫ్రిజ్‌ల మీద అంటించిన చీటీలు అన్నీ తనే రాసినవి, ఒక్కటీ నిజం కాదు, నిజం కాదని కొనేవాడికీ తెలుసు, అందుకే వాడూ అబద్ధంతోనే మొదలుపెడతాడు, రెండు అబద్ధాలూ నడుచుకుంటూ వచ్చి ఒకచోట కలుస్తాయి, అదే బేరం. పాత ఫ్రిజ్‌లు, స్టవ్‌లు, బట్టలుతికే మెషీన్లు, ముప్ఫై నాలుగేళ్ళ వ్యాపారం. దాని మొత్తానికీ ఒకే రూలు, అసలు ధర ముందు నోరు జారినవాడు ఓడిపోయాడు.

ఆ రూలు మార్లా ఎప్పుడు నేర్చుకుందో అతనికి బాగా గుర్తు. పద్నాలుగేళ్ళది, మూతలేని వాషింగ్ మెషీన్ మీద కూర్చుని మడమలతో రేకును డంగు డంగున తంతూ యాపిల్ తింటోంది. వెండెల్ వెనకగదిలో మోటారు విప్పుతున్నాడు. పందుల పెంపకందారు ఒకాయన వచ్చి పెద్ద ఐసుపెట్టె ఎంతమ్మా అన్నాడు. పిల్ల చీటీ వైపు చూపించింది. అంత పెట్టలేను, ఇంతకు ఇస్తావా అన్నాడు. పిల్ల యాపిల్ కొరికింది. సరే, ఇంకొంచెం వేసుకో అన్నాడు. పిల్ల నములుతూ ఆయన టోపీ వైపు చూసింది. ఆయన తనకు తానే ఇంకోసారి పెంచాడు. యాపిల్ అయిపోయింది, ఐసుపెట్టె అమ్ముడైంది, పిల్ల పలికింది ఒక్క మాట కూడా లేదు. కర్టెను వెనక వెండెల్ చేతిలో పానా పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు, గుండెలో ఏదో తియ్యగా పాకింది, మోటారు బిగించేటప్పుడు మర తేడాగా తిప్పాడు, అది మళ్ళీ విప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ఆమెకు ముప్ఫై ఎనిమిది, ఇప్పటికీ అదే కొట్టులో అమ్ముతోంది. చేతులు తల్లివి, నోరు తనది, మౌనం మాత్రం ఎవరిదో, ఎక్కడినుంచి వచ్చిందో.

"నాన్నా!" పక్క వరసలోంచి అరిచింది. "ఇంకా రాయలేదేం? అబద్ధం దొరకట్లేదా?"

"వెతుకుతున్నానమ్మా. నీ ట్రక్కు తడిసి బరువెక్కింది, అది చూసుకో ముందు."

"నాది పద్నాలుగు పన్నెండు. రాసేశా. నా దగ్గర దాచుకునేదేం లేదు."

"ఆ మాట ఫ్రిజ్‌లు కొనేవాళ్ళకి చెప్పు."

నవ్వింది. ఆమె కిటికీ అద్దం పైకెత్తేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట, ఇదే ట్రాక్ మీద అతని చేతిలో మొదటిసారి ఓడిన రోజు, తిండిబండి దగ్గర మూతి ముడుచుకుని నిలబడితే, ఓదార్చడం చేతకాక అనేశాడు, నన్ను ఈ ట్రాక్ మీద ఓడించిన రోజు కొట్టు తాళాలు నీవే పో అని. సరదాకి అన్నాడు. మార్లా నవ్వలేదు. సరే అంది, చెయ్యి చాపింది, అతను కలిపాడు. ఇక అది బేరం అయిపోయింది. అప్పటినుంచి ఆరుసార్లు ఎదురుపడ్డారు, ఆరూ అతనే గెలిచాడు, ఆరూ చివరి వంద గజాల్లో, పాదం బరువుతో. మొదట్లో గెలిచినందుకు సంతోషించాడు. తర్వాత్తర్వాత, గీత దాటాక అద్దంలో ఆ ఎర్ర ట్రక్కు వంగిన ముక్కు చూస్తే, అమ్మేసిన సరుకు మళ్ళీ తన గుమ్మంలోకే వచ్చినట్టు ఉండేది. గురువారం నాడీన్ గిన్నెలు తుడుస్తూ చెప్పింది, ఫోర్ట్ వేన్ నగరంలో ఏదో పెద్ద కంపెనీ గోదాముకు పిల్లను మేనేజరుగా రమ్మన్నారని, సోమవారం కల్లా చెప్పాలని. అంటే రేపు. గిన్నె తుడవడం అయిపోయినా గుడ్డ తిప్పుతూనే ఉంది. నువ్వేం చెప్తావ్ అని అడగలేదు. పాడైన మెషీను అమ్మడానికి నూరు మాటలు పుట్టించగల అతని నోరు, ఉండిపోవే అన్న ఒక్క మాట దగ్గర మొండికేసింది. ఉండిపో అంటే దానం ఇచ్చినట్టు ఉంటుంది, దానం పుచ్చుకునే పిల్లయితే తొమ్మిదేళ్ళు ఎందుకు ఆగుతుంది.

ఓడిపోతే? పొద్దున రెండో పందెం నుంచీ ఆ ఆలోచన చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది. పచ్చదీపం వెలిగాక ఒక అర సెకను నిద్రపోతే చాలు. కానీ మార్లాకు తెలిసిపోతుంది. తండ్రి ఎక్కడ తడబడతాడో, ఎక్కడ తడబడినట్టు నటిస్తాడో రెండూ చూసిన మనిషి. ఆ తాళాలు అతని మొహాన కొట్టి ఫోర్ట్ వేన్ బస్సెక్కుతుంది. పోనీ ఎప్పటిలా పది దాచుకుని గెలిస్తే? అప్పుడూ ఫోర్ట్ వేనే. గెలుపు ఎటు తిప్పి చూసినా గిట్టుబాటు కావట్లేదు, ఓటమీ గిట్టుబాటు కావట్లేదు. ఇలాంటి సరుకు కొట్టులోకి వస్తే ఏం చేస్తాడు, వెనక్కి పంపేస్తాడు. దీన్ని ఎక్కడికి పంపాలి. గాలి చల్లబడింది, చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు, చల్లగాలి ఇంజనుకు మంచిది, కొంచెం జోరు ఎక్కువ వస్తుంది, ఎంత ఎక్కువ అన్నదే లెక్క, ఆ లెక్క చేసే మనిషి చీలమండల దాకా వచ్చే రబ్బరు బూట్లతో నీళ్ళు చిమ్ముకుంటూ వస్తోంది.

నాడీన్ ఒక చేతిలో నోటుపుస్తకం, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన రొట్టె. రొట్టెలో వేపిన పందిమాంసం ముక్క, రొట్టెకంటే రెండింతలు వెడల్పు, అంచులు బయటికి వేలాడుతున్నాయి. సగమే ఉంది.

"మిగతా సగం ఏది?"

"దానికిచ్చా. ఇద్దరూ నా మనుషులే, ఇద్దరికీ చెరిసగం."

"ఏమంటోంది?"

"ఆవపిండి ఎక్కువేశారంది." నాడీన్ పుస్తకం తెరిచింది. ఇరవయ్యేడేళ్ళ ఆదివారాలు అందులో ఉన్నాయి, ఏ రోజు ఎన్ని ఫారన్‌హీట్ డిగ్రీల ఎండ, ఎంత గాలి, బండి ఎంతలో పోయింది. "ఎనభై నాలుగు డిగ్రీల నుంచి అరవై తొమ్మిదికి పడింది. ఇలాంటి రోజులు ఇంతకుముందు నాలుగున్నాయి. నలభై ఏడు."

"ఖాయమా?"

"నేనెప్పుడైనా తప్పు చెప్పానా? పదిహేను నలభై ఏడు. నీ జేబు కలుపుకుంటే యాభై ఏడు. రాసేదేదో తొందరగా రాయి, బూట్లలోకి నీళ్ళొస్తున్నాయి."

వెళ్ళిపోయింది. రొట్టె కొరికాడు. ఆవపిండి నిజంగానే ఎక్కువైంది, ముక్కులోకి ఎక్కింది, కళ్ళు చెమర్చాయి, పక్క బండిలో కూడా ఇదే రుచి నములుతూ ఇదే ఘాటుకు ముక్కు తుడుచుకుంటూ ఉంటుంది అనుకుంటే నవ్వొచ్చింది. నాడీన్ చెప్పిన అంకెలకు అతను ఏనాడూ విలువ ఇవ్వలేదని కాదు, ప్రతిసారీ దానిమీదే పది కలిపాడు, కలిపేందుకైనా అసలు అంకె కావాలి కదా. ఇరవయ్యేడేళ్ళు ఆవిడ నిజం చెప్పడం, అతను దానికి చొక్కా తొడిగి బయటికి పంపడం. ఆ నలభై ఏడు ఉత్తదే బయటికి పోతే ఎలా ఉంటుంది? ఈ బండి, ఈ మనిషి, అరవయ్యారేళ్ళు, అరిగిన మోకాళ్ళు, అంతా కలిపి అసలు ఎంత? పాదం చివరిదాకా నొక్కి, బ్రేకు వైపు చూడకుండా, గీత దాకా ఒక్కసారి పోతే ఎంత వస్తుంది? ఆ కాగితం చూడాలని మొదటిరోజు స్టవ్ దించి వచ్చినవాడికి ఉన్న ఆశ ఇంకా ఎక్కడో అడుగున ఉందని అతనికి ఇప్పుడే తెలిసింది. గెలవడానికి మోసం వద్దు, ఓడడానికీ మోసం వద్దు. ఉన్నది ఉన్నట్టు రాసి, ఉన్నంత పోయి, ఎటు పడితే అటు పడనీ. ఆ పిల్ల గెలిస్తే నిజంగా గెలిచినట్టు. గెలవకపోతే, అది రేపటి సంగతి. సీసా మూత తీశాడు. బండి దిగితే మోకాలు కళుక్కుమంది. తడి తుడిచి, స్పాంజి ఆనించి ఒకటి రాశాడు, ఐదు రాశాడు, చుక్క పెట్టాడు. చెయ్యి అలవాటుగా ఐదు వైపు వంపు తిరగబోయింది. ఆపాడు. నిలువు గీత, అడ్డగీత, నాలుగు. ఏడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. బట్టల్లేకుండా వీధిలో నిలబడ్డట్టు ఉంది, అయినా చలి వేయలేదు.

వరసలు చూసే బెర్ట్ వచ్చి బానెట్ మీద చరిచాడు. "రండి రండి, ఆరింది. వెండెల్, ఈసారి జేబు ఎంత లోతు?"

"చిరిగిపోయింది బెర్ట్."

"నీ జేబా! చచ్చినా నమ్మను."

పికప్పు అద్దంలోంచి మార్లా అతని అంకెను చదవడం చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి, పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి, తర్వాత మొహం మూతపడింది, యాపిల్ తిన్న నాటి మొహం. రెండు బళ్ళూ బయల్దేరే గీత దగ్గరికి పాకాయి. స్తంభం మీద పసుపు దీపాలు అతనివి ముందు వెలుగుతూ దిగాయి, ఒకటి, రెండు, మూడోది వెలుగుతుండగానే పాదం పోయింది, పచ్చ కనబడేసరికి బండి కదిలిపోయింది, వీపు సీటుకు అతుక్కుంది, తాళాలు ఒక్కసారి మోకాలికి కొట్టుకుని వెనక్కి వేలాడాయి. ఇంజను పెద్దగా ఏడ్చినట్టు అరిచింది, గేరు పడింది, మొక్కజొన్న పచ్చగా కారిపోతోంది. వెనక ఒక సెకను, ఇంకొంచెం, అప్పుడు మార్లా బయల్దేరిన మోత. దశాబ్దాలుగా ఈ పదిహేను సెకన్లలో అతని బుర్ర దుకాణం తెరిచి కూర్చునేది, ఎంత ముందున్నాను, ఎంత వదలాలి, ఎప్పుడు ఆనించాలి. ఇవాళ దుకాణం మూసి ఉంది. చూడటానికి ఏమీ లేదు, పోవడమే. ఇంతేనా, ఇంత తేలికా అనిపించింది. పక్క అద్దంలో ఎర్ర ముక్కు పెరుగుతోంది, అరచేయంత, పళ్ళెమంత, తలుపు దాకా వచ్చేస్తోంది, రా తల్లీ రా అని నోట్లోనే అన్నాడు, పాదం కిందికే ఉంచాడు. సరిగ్గా అప్పుడు, గీత ఇంకా అరవై గజాలుందనగా, ఎర్ర ముక్కు కిందికి వంగింది. బ్రేకు. మార్లా బ్రేకు వేసింది. ఎందుకో అతనికి వెంటనే తెలిసింది, తెలిసేసరికి గీత దాటిపోయాడు. బోర్డు మీద అతని వైపు గెలుపు దీపం వెలిగింది. పదిహేను నలభై ఎనిమిది.

కాగితాలిచ్చే గది దగ్గర ఆవిడ చాపిన కాగితం తీసుకుని పక్కకు ఆపాడు. చూడాలని తపించిన కాగితమే, కానీ చూడకుండా వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాడు. వెనక ట్రక్కు ఆగిన చప్పుడు, తలుపు చప్పుడు, అడుగులు. మార్లా కిటికీ మీద మోచేతులు ఆనించి, ఇద్దరి లెక్కలూ ఉన్న తన కాగితాన్నీ అతని మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"నలభై ఏడు రాసి నలభై ఎనిమిదా? గీత దగ్గర జోరు చూడు, గంటకి తొంభై మైళ్ళు. నువ్వు బ్రేకు ముట్టుకోలేదు."

"లేదు."

"నలభై ఏడంటే లోపల ముప్ఫై ఏడుందనుకున్నా. నువ్వు ముందు పోతుంటే, పోనీ పోనీ, అంకె దాటి నీ అంతట నువ్వే ఓడిపోతావని, నా అంకె నేను దాటకుండా కాలు తీసి బ్రేకు కొట్టా!"

"బెర్ట్‌కి చెప్పానే, చిరిగిందని."

"ఎవరు నమ్ముతారు నాన్నా? ఇరవయ్యేడేళ్ళు అబద్ధం రాసి, సరిగ్గా నా మీదే నిజం రాశావా? ఇంతకంటే దగా ఉందా లోకంలో?"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, బహుశా ఆవపిండి. ఏదో చెప్పాలి. క్షమించు అనాలా, ఉండిపో అనాలా తేల్చుకోలేక కాగితాన్ని మడతపెట్టాడు. మార్లా మోచేయి కిటికీ మీద ఉంచి అలాగే అతని టోపీ వైపు చూస్తూ నిలబడింది. ఆ మౌనం అతనికి ఎక్కడో తెలుసు.

"కొట్టులో రూలేంటి?" అంది చివరికి.

"ఏ రూలు?"

"అసలు ధర ముందు చెప్పినవాడు?"

"ఓడిపోయినట్టు," అన్నాడు, నిద్రలో లేపి అడిగినా అనే మాట.

మార్లా చెయ్యి చాపి అద్దం మీద తెల్లటి అంకెను గోటితో రెండుసార్లు కొట్టింది. "ఇది ఎవరు చెప్పారు?"

అతను లోపలివైపు నుంచి తిరగబడి కనిపించే ఆ అంకెను చదువుకున్నాడు. "అది కొట్టు రూలు. ఇది ట్రాకు."

"తాళాలు కొట్టువే కదా."

పందుల ఆసామి ఆ రోజు టోపీ సర్దుకుని జేబులో చెయ్యి ఎందుకు పెట్టాడో వెండెల్‌కు ఇన్నాళ్ళకు లోపలినుంచి తెలిసింది. ఇంజను ఆపాడు. గుత్తి బయటికి లాగి, రింగు సందులోకి బొటనవేలి గోరు దూర్చాడు. బిగుసుకుపోయి ఉంది, ఏళ్ళుగా తెరవనిది, గోరు విరిగింది. ఒకటి వచ్చింది. వెనకనుంచి తిండిబండివాడు దారి కావాలని హారన్ కొట్టాడు. "ఆగవయ్యా, బేరం జరుగుతోంది!" అని మార్లా అరిచింది. రెండోది, మూడోది. నాడీన్ రబ్బరు బూట్లతో వచ్చి అవతలి తలుపు తీసి కూర్చుని, ఏం అడగకుండా తన జడపిన్ను తీసి ఇచ్చింది. దాంతో మిగతా రెండూ తేలిగ్గా వచ్చాయి. ఐదు తాళాలు మార్లా అరచేతిలో పెట్టాడు. ఆమె వాటిని ఎగరేసి పట్టుకుని బరువు చూసింది.

"గోదాము తాళం ఎడమకి తిప్పాలి," అన్నాడు.

"తెలుసు."

"ఫోర్ట్ వేన్ వాళ్ళకి?"

"కొట్టు తెరిచాక ఫోన్ చేస్తా. ఏడింటికి. నువ్వు ఎనిమిదికి రా, పనివాళ్ళు ఎనిమిదికే రావాలి."

ఇంటిదారి చేల మధ్యనుంచి. పొద్దు వాలుతోంది, తడి రోడ్డు మెరుస్తోంది, ముందు ఎర్ర ట్రక్కు పోతోంది, అద్దం మీద అంకెను తుడవడం ఇద్దరూ మరిచిపోయారు. రైలు పట్టాల దగ్గర బండి గట్టిగా ఎగిరిపడింది. వెండెల్ మోకాలు బిగించుకుని కూర్చున్నాడు, ఏమీ తగల్లేదు. ఒంటరి తాళం చప్పుడు లేకుండా ఊగింది.

నాడీన్ కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకంలో ఇవాళ్టి వరస నింపుతోంది. "ఆ తాళాలెంత బరువుంటాయి? బండి తేలికైంది కదా, వచ్చే ఆదివారానికి అంకె మారుతుందా?"

అతను లెక్క కట్టబోయి, ట్రక్కు వెనక దీపాలు మలుపు తిరగడం చూస్తూ మధ్యలో వదిలేశాడు.

"తెలీదు," అన్నాడు. "పోయి చూద్దాం."